ముప్ఫై ఆరు సిస్టమ్‌లు

హన్నా ఆ కంప్యూటర్ ల్యాబ్‌లో చేరి ఇరవై రెండేళ్లు. భవానీపురంలో ఏడింటికి బస్సెక్కితే, కంకిపాడు దాటాక ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీకి చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. టైపు హయ్యర్ పాసై వచ్చింది. మిగతాదంతా సిస్టమ్‌లు చెడిపోతుంటే బాగుచేస్తూ నేర్చుకుంది. కాగితాల మీద మాత్రం ఇప్పటికీ ల్యాబ్ అసిస్టెంటే.

మొన్న ఫిబ్రవరిలో ఒక గురువారం మనోజ్ఞ అనే కొత్త లెక్చరర్ వచ్చింది.

"హన్నా గారూ, సోమవారం నుంచి లినక్స్ ప్రాక్టికల్స్ అండీ. విండోస్ తీసేయొద్దు, మిగతా క్లాసులకి కావాలి. దాంట్లోనే వర్చువల్ మెషిన్ పెట్టి లినక్స్ వేసేయండి. ఒకదాంట్లో చేసి మిగతావాటికి కాపీ కొట్టేస్తే అయిపోతుంది."

లినక్స్ కూడా విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే. వర్చువల్ మెషిన్ అంటే ఉన్న కంప్యూటర్లోనే కొంత మెమరీ, కొంత డిస్కు విడదీసి, లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించడం. హన్నా ముందు తన టేబుల్ మీది కొత్త సిస్టమ్‌లో పెట్టి చూసింది. రెండు గంటల్లో లినక్స్ తెరుచుకుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని విద్యార్థుల సిస్టమ్‌ల దగ్గరికి వెళ్లింది. అవి ముప్ఫై ఆరు, అన్నీ పాతవే. మొదటిదాంట్లో స్టార్ట్ నొక్కగానే, వర్చువల్ మెషిన్‌ని నడవనిచ్చే వర్చువలైజేషన్ ఆపేసి ఉందని ఎర్ర గుర్తుతో మెసేజ్ వచ్చింది. దాన్ని ఆన్ చేయాలంటే విండోస్ మొదలవకముందే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. వెళ్తే పాస్‌వర్డ్ అడిగింది.

అది పెట్టింది పాత ఇన్‌ఛార్జి పుల్లయ్య. రిటైరై కూచిపూడిలో ఉంటున్నాడు. హన్నా ఫోన్ చేసింది.

"పాస్‌వర్డా? పిల్లలు కెలుకుతున్నారని పెట్టాను గానీ, ఇప్పుడేం గుర్తుంటుందమ్మా! పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండట్లేదు." మళ్లీ తనే, "క్యాబినెట్ విప్పి, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ తీసి పది నిమిషాలాగి పెట్టు. పాస్‌వర్డ్ పోతుంది" అన్నాడు.

"ముప్ఫై ఆరిటికీనా పుల్లయ్య గారూ?"

"అన్నిటికీనమ్మా. ఏం చేస్తాం."

శుక్ర, శనివారాలు క్లాసుల మధ్య దొరికిన ఖాళీల్లో హన్నా కేబుళ్లు పీకడం, క్యాబినెట్లు పడుకోబెట్టడం, స్క్రూలు విప్పడం. లోపలి దుమ్ముకి దగ్గొచ్చేది. బ్యాటరీ తీశాక తేదీలు పాత సంవత్సరాలకు పోయాయి. వాటిని సరిచేసి, సెట్టింగు మార్చి, కాపీ అయ్యేదాకా ఇరవై నిమిషాలు ఎదురుచూడాలి. మోకాళ్ల మీద కూర్చుంటే లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. శనివారం బస్సు టైముకి ఇంకా పధ్నాలుగు మిగిలాయి.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. వాచ్‌మన్ చేత ల్యాబ్ తాళం తీయించుకుని, మిగిలిన వాటితో ఒక్కతే కూర్చుంది. కోపం కూడా రాలేదు. కీబోర్డు పక్కకి నెట్టి ఆ బల్ల మీదే తల పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంది కూడా, ఒక ఫైలు కాపీ అయ్యేంతసేపు.

చివరికి ముప్ఫై నాలుగు పనిచేశాయి. రెండింట్లో మెమరీ చాలక లినక్స్ సగంలోనే బిగుసుకుపోయింది.

సోమవారం హెచ్ఓడీ వచ్చి ల్యాబంతా ఒకసారి చూశాడు. "ఆ రెండూ ఎందుకు పనిచేయట్లేదు?"

"మెమరీ చాలదు సార్. కావాలని రాసిచ్చి ఏడాదైంది."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. జరిగిందంతా వాచ్‌మన్ దగ్గర విన్న మనోజ్ఞ మెల్లగా దగ్గరికొచ్చింది. "ఒక్కపూట పని అనుకున్నానండీ. ఎలా చేశారో పిల్లలకి మీరే చెప్పండి, పది నిమిషాలు."

ఇన్నేళ్లలో హన్నాను బోర్డు ముందు నిలబడమని ఎవరూ అడగలేదు. పదేళ్ల క్రితమైతే ఎగిరి గంతేసేది.

"ఇంకో రోజు చెప్తాను మేడమ్. ఇవాళ నన్ను కూర్చోనివ్వండి."

మనోజ్ఞ తన కుర్చీ ఫ్యాను కిందకి లాగి ఇచ్చింది. అంతలో మూడో వరుసలోంచి ఒకమ్మాయి, "మేడమ్, నాది హ్యాంగయింది" అని పిలిచింది. హన్నా అలవాటుకొద్దీ లేవబోయింది.

"మీరుండండి, నేను చూస్తాను" అంటూ మనోజ్ఞ అటు వెళ్లింది. హన్నా మళ్లీ కూర్చుని, చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి చల్లటి గచ్చు మీద పెట్టుకుంది.