ఐదో మనిషి

పిల్లలూ, దేవరకొండలో మన ఇంటి పక్క గ్రౌండులో ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడేవారు. వాళ్లలో ఒక పిల్ల, బంతి వేసే ముందు అరచేతిని మట్టికి రుద్దుకునేది. పెళ్లయి వెళ్లిన మూడేళ్లకు తిరిగొచ్చింది. అప్పటికి జట్టులో నలుగురే మిగిలారు.

"అక్కొచ్చింది, ఇగ గెలుస్తం!" అని గంతులేశారు.

ఆ పిల్ల అరచేయి రుద్దుకుంది గానీ, చేయి భుజం దాటి లేవలేదు.

"ఏమైందే?" అన్నాను.

"పవర్‌లూం కాడ ఇరిగిందవ్వా. సరిగ్గ అతకలే."

"మరెట్ల ఆడుతవ్ బిడ్డా?"

"ఐదుగురు లేకుంటే పోటీల దిగనియ్యరవ్వా."

పోటీ మొదలైన కాసేపటికే అవతలి జట్టు ఆమె చేయి సంగతి పసిగట్టింది. ఆమెకు అడ్డంగా ఎవరినీ నిలబెట్టలేదు. ఐదుగురూ మిగతా నలుగురి మీదే పడ్డారు. ఆమె రింగు కింద ఒక్కతే నిలబడింది. మనవాళ్లు కూడా ఆమెకు బంతి ఇవ్వలేదు.