జెండర్ కాస్తా టెండరైంది

సమాచార శాస్త్రం, జెండర్ స్టడీస్ రెండూ కలిపి చదివే ఎం.ఏ.కు దరఖాస్తు ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. కరీంనగర్ స్టడీ సెంటర్‌లో అటెండర్‌కు కవరిచ్చి "జెండర్" అన్నాను. అతను నేటి తేదీ ముద్ర కొట్టి, పక్క ఆఫీసు టెండర్ పెట్టెలో వేసేశాడు.

"అయ్యో, అది చదువుకయ్యా!"

"జర ముందు చెప్పాలె గద సార్! తాళం పెద్దసారు దగ్గరున్నది. రేపు కాంట్రాక్టర్ల ముంగటనే తెరిచి చదువుతరు. ఫికర్ చెయ్యకుండ్రి, తక్కువ రాసినోళ్లకే వస్తది."

నేను రాసిందీ తక్కువే. ఈ కోర్సు ఎందుకన్న చోట, "ఆడవాళ్ల సంగతులు ఇన్నాళ్లూ నా భార్య చెప్పేది, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు" అని ఒక్క వాక్యం.

కాంట్రాక్టర్లూ, అంతకన్నా తక్కువకు మీలో ఎవరైనా టెండరు వేయగలరా? రేపు పొద్దున కాంట్రాక్టర్ల మధ్య కూర్చుని, ఎవరూ చదవకముందే నా కవరు అడిగి తీసుకుంటాను.