మీది ఏ ఊరు అని అడిగిన రోజు

నిన్న పలాసలో ఆటో దిగగానే కాల్చిన జీడిగింజల ఘాటు వాసన తగిలింది. బడి నేస్తాలూ, ఆ వాసన మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో అయితే అది అమ్మ చీరల్లోనే ఉండేది.

అమ్మానాన్నా ఒడిశా నుంచి జీడి ఫ్యాక్టరీ పనికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో ఒడియా, బయట తెలుగు. ఆ సంగతి మీకెవరికీ తెలియనివ్వలేదు.

ఏడో తరగతిలో హెడ్ మేడమ్ అమ్మను తీసుకురమ్మన్నారు. బయటివాళ్ళమని పేరు కొట్టేస్తారేమోనని నాకు అన్నం దిగలేదు. నోరు విప్పొద్దని అమ్మను బతిమాలాను. జీడి నూనెకు నల్లబడిన చేతులు కొంగులో దాచుకుని నిలబడింది అమ్మ.

"ఏటమ్మా, మీది ఏ ఊరు?" అన్నారు మేడమ్.



"నాది ఒడిశా మేడమ్. పిల్లది పలాస" అంది అమ్మ, వచ్చీరాని తెలుగులో.

"పిల్ల బాగా సదువుతంది. పనిలోకి పంపకండి. ఆ మాట సెప్దామనే పిలిచాను" అన్నారు మేడమ్.

గేటు దాటగానే అమ్మ గోడ పట్టుకుని కూలబడింది. కాళ్ళు వణుకుతున్నాయని ఒడియాలో అంది. మీరంతా అక్కడే నిలబడి చూస్తున్నారు. నాకింకా భయంగానే ఉంది. అయినా మీ అందరికీ వినబడేలా, "పర్లేదమ్మా, లే" అని నేనూ ఒడియాలోనే అన్నాను.