మలావీ వేగంలో ఒక డెమో

2012 వేసవిలో న్యూజెర్సీలోని ఒక ఆన్‌లైన్ కోర్సుల కంపెనీలో క్వాలిటీ టెస్టింగ్ మేనేజర్‌గా చేరాను. ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్‌కి ఆఫీసు దగ్గరే. పేద దేశాలకు ఉచితంగా చదువు అందించడమే తమ ధ్యేయమని లాబీ గోడ నిండా రాసుకున్నారు. ఆ దేశాల్లో ఇంటర్నెట్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మాత్రం లోపల ఎక్కడా కనిపించలేదు.

నాకు మొదట అప్పగించింది ఆఫ్రికాలోని మలావీ దేశపు నర్సులకు కాన్పులు చేయడంపై తయారైన కోర్సు. వాడేవాళ్ళ పరిస్థితిలో పెట్టి చూడటమే టెస్టింగ్. అందుకని ఆఫీసు నెట్‌వర్క్‌ని కావాలనే నెమ్మది చేశాను. దాన్ని థ్రాట్లింగ్ అంటాం. కంపెనీ లోగో సగం కనబడి వీడియో ఆగిపోయింది. బగ్ నమోదు చేసి 'సివియారిటీ వన్' పెట్టాను. అంటే తీవ్రతలో మొదటిది, సరిచేయకుండా విడుదల చేయకూడని లోపం. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోనిస్తే చాలని కూడా రాశాను. మర్నాటికి అది అట్టడుగున ఉండే 'సివియారిటీ ఫోర్'కి దిగింది. పక్కన 'ఉద్దేశపూర్వకం' అని ఒకే మాట.

ప్రొడక్ట్ మేనేజర్ శ్రీకాంత్‌ది కరీంనగర్. కారణం అడిగాను.

"డౌన్‌లోడ్ ఇస్తే వాళ్ళు మళ్ళ సైట్‌కి రారు పద్మగారూ. లాగిన్ నంబర్స్ పడిపోతయి. డోనర్స్‌కి ఏం చూపెట్టాలె?" అన్నాడు.

కోర్సు అలాగే విడుదలైంది. కొన్నాళ్ళకు అక్కడి ఆస్పత్రి నుంచి ఎస్తేర్ అనే నర్సు మాతో ఫోన్‌లో మాట్లాడింది. సెప్టెంబర్ ఆఖరుకు కోర్సు పూర్తిచేసినవాళ్ళకే కాన్పుల వార్డులో డ్యూటీ. రక్తస్రావం ఆపే పాఠం ఎన్నిసార్లు పెట్టినా సగంలో నిలిచిపోతోందని చెప్పింది. మా డైరెక్టర్ బ్రయన్ ఆవిడకు ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, ఫోన్ పెట్టేశాక, వీళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదని తేల్చాడు. అందరూ పాఠం మధ్యలోనే వెళ్ళిపోతున్నారని గ్రాఫ్ చూపించాడు. మందు కూడా ఆయనే కనిపెట్టాడు: ప్రతి పాఠానికి ముందు ఉత్సాహపరిచే వీడియో ఇంకొకటి!

సెప్టెంబర్‌లో నిధులిచ్చే ఫౌండేషన్ వాళ్ళు వచ్చారు. డెమో ఏర్పాట్లు నావి. బ్రయన్ గంభీరంగా ఉపన్యసించి పాఠం నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నవ్వి మళ్ళీ నొక్కాడు. ఇవాళ నెట్‌వర్క్ బాగాలేదని సర్దబోయాడు. నెట్‌వర్క్‌కేమీ కాలేదని, ఎస్తేర్ ఆస్పత్రికి అందే వేగానికి నేనే తగ్గించానని చెప్పాను.

"అయిపోయింది మన పని," అని శ్రీకాంత్ నా పక్కన గొణిగాడు.

తనకే ఇంత విసుగు పుడుతుంటే నర్సులు ఇన్నాళ్ళు ఎలా భరించారని ఫౌండేషన్ పెద్దావిడ అడిగింది. బ్రయన్ తడబడలేదు. డౌన్‌లోడ్ సౌకర్యం తమ తదుపరి ప్రణాళికలో ప్రధానాంశమని అక్కడికక్కడే ప్రకటించాడు. అప్పటిదాకా ఉద్దేశపూర్వకమైనది కాస్తా ఆ గదిలో లోపమైపోయింది.

డౌన్‌లోడ్ బటన్ నవంబర్‌లో వచ్చింది. పేదల కోసం తాము చేసిన గొప్ప ఆవిష్కరణ అని కంపెనీ చాటుకుంది. అప్పటికే ఎస్తేర్‌కి గడువు దాటిపోయింది; ఆవిడను అవుట్‌పేషెంట్ విభాగానికి మార్చారు. పాఠాలు ఇప్పుడు చక్కగా వస్తున్నాయని ఆవిడ ఈమెయిల్ రాసింది. నాకు డెమో ఏర్పాట్లు మళ్ళీ ఎవరూ అప్పగించలేదు.

లోపం తీవ్రత అది ఎవరికి తగిలిందన్న దాన్నిబట్టి మారుతుందని అక్కడ నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఏ ప్రాజెక్టులోనైనా నెమ్మది నెట్‌వర్క్ పరీక్షను ల్యాబ్‌లో చేయలేదు; విడుదలకు సంతకం పెట్టే మనిషి ల్యాప్‌టాప్‌లోనే చేశాను.