పరిగెలు చెప్పిన సాక్ష్యం

మా పెనుగంచిప్రోలు పెద్దల తెలివి తెలియాలంటే సుబ్బమ్మ కథ వింటే చాలు. 1958 నాటి మాట. మునేటి రేవులో మావులు పెట్టి, పరిగెలనే చిన్న చేపలు పట్టి అమ్ముకునే విధవరాలు ఆమె. మావంటే వెదురుబుట్ట. అందులోకి చేప పోగలదు గానీ బయటికి రాలేదు. మా ఊరి పంచాయితీ కూడా అలాంటిదే.

ఆ వేసవిలో సుబ్బమ్మ మావులు రోజూ నిండేవి. దిగువన పోలయ్య మావులు మాత్రం ఖాళీ. ఇంకేముంది! "దాని దిష్టి కొడతందయ్యా, రేవులో అడుగు పెట్టనీయమాకండి" అంటూ ఊరిపెద్ద దశరథరామయ్యగారి అరుగు మీద పంచాయితీ పెట్టించాడు పోలయ్య. రేవు పోతే సుబ్బమ్మకు కూడు లేదు.

సుబ్బమ్మ ఏడవలేదు. "దిష్టి కాదండీ, వాసన. సంతకని పట్టిన కొర్రమీనుల్ని బుట్టలో పెట్టి, తన మావులకి ఎగువనే నీళ్లల్లో కడతన్నాడు పోలయ్య. పరిగెల్ని తినేదే కొర్రమీను. దాని వాసన నీళ్లెంట దిగువకి పోద్ది. ఇంక పరిగెలు అటేపు వస్తాయాండీ?"

"చేపలకి ముక్కులు కూడానా!" అని అందరూ పడీపడీ నవ్వారు.

మర్నాడు ఆమె అదే అరుగు మీదికి రెండు బేసిన్లలో బతికున్న పరిగెలు తెచ్చింది. ఒకదాంట్లో చెంబెడు ఏటినీళ్లు పోసింది. చేపలు కాస్త బెదిరి, మళ్లీ మామూలుగా తిరిగాయి. రెండోదాంట్లో కొర్రమీనుని ఉంచిన కుండలోని నీళ్లు పోసింది. అంతే! అన్నీ అడుక్కి దిగి, ఒకచోట ముద్దగా చేరి, కదలకుండా ఉండిపోయాయి. గెలిచిందనుకున్నాను, పిచ్చివాణ్ణి.

దశరథరామయ్యగారు ఉత్తరీయం దులుపుకుని లేచారు. "చూశారా? చెంబెడు నీళ్లతో చేపల్ని కట్టేసింది! దిష్టనుకున్నాం, ఇది చేతబడే!"

రేవులో అడుగు పెట్టకూడదని తీర్పు. నందిగామ బళ్లో పిల్లలకు సైన్సు చెప్పే నేను అక్కడే ఉండి నోరు మెదపలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సుబ్బమ్మ మూట కట్టుకుని వీరులపాడులో చెల్లెలింటికి బయల్దేరింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో గానీ, ఊరి చివరిదాకా సాగనంపాను. అక్కడ పోలయ్య ఎదురుపడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అత్తా, ఆ కొర్రమీనుల బుట్ట ఎంత దిగువన కట్టమంటావ్?"

సుబ్బమ్మ మూట ఇంకో చంకకి మార్చుకుంది.

"నా దిష్టిని నేను తీసకపోతన్నాగా నాయనా. ఇంక బుట్ట కదపటమెందుకు? అక్కడే ఉండనీ."