అరుగెత్తు బండి

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఉప్పలయ్యకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. చేతుల మీద నడుస్తాడు, చేతులతోనే నేస్తాడు. ఆ చేతులకు అంత బలం లేదని పందెం కాసి ఓడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొండితనంలో మాత్రం అతనితో పందేనికి దిగేంత తెలివితక్కువవాళ్ళు మా వాడకట్టులో లేరు.

ఆ మొండితనంతోనే తొమ్మిదేళ్ళుగా రఘునాథపల్లిలోని అక్క ఇంటికి పోలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు ఇద్దరు చంకల కింద పట్టుకుని బస్సులోంచి మూటను దించినట్టు దించారు. చూసినవాళ్ళు నవ్వారు. అక్క సోమక్క ఏడ్చి, "ఇంక రాకు తమ్మీ, నిన్నిట్ల చూడలేను" అంది. ప్రేమతోనే అందని మేమంతా చెప్పి చూశాం, వినలేదు. ఆమే వచ్చి చూసిపోయేది. ఈమధ్య మోకాళ్ళు అరిగి ఆమె రాకా ఆగిపోయింది. ఉప్పలయ్య బెంగతో సగమయ్యాడు.

అప్పుడే, ఎనభై ఆరులో, సుబేదారిలో ఉండే కిషన్ రావు మారుతి వ్యాన్ కొని, లోపల పరవడానికి జంపఖానా కావాలని కబురు పంపాడు.

"కాయితం మీద కొలతలిస్తే నేయ. బండినే తీస్కరమ్మనుండ్రి," అన్నాడు ఉప్పలయ్య.

బండి వచ్చింది. ముందు ముక్కు లేని ఆ బండిని చూడటానికి వాడంతా చేరింది. కిషన్ రావు పక్క తలుపు వెనక్కి జరిపి, "అసలు బండి జపానోళ్లది. మనోళ్లు వాళ్లతోని కలిసి ఈడ తయారుచేసి, మారుతి అని పేరు పెట్టిండ్రు," అన్నాడు గొప్పగా.

"మా జంపఖానాల లెక్కనే సారూ. నేసేది నేను, బొంబాయిల ఇంకోని పేరు కుట్టి అమ్ముతరు," అన్నాడు ఉప్పలయ్య. కళ్ళు మాత్రం బండి లోపలి నేల మీదే ఉన్నాయి. అది అతని ఇంటి అరుగంత ఎత్తే ఉంది. రోజూ ఎక్కి దిగే ఎత్తు. అరచేతులు ఆనించి, ఎవరూ పట్టుకోకముందే ఒక్క ఊపున ఎక్కేశాడు. రెండు నిమిషాల కొలతకు అరగంట పట్టింది. లోపలే కూర్చుని అడిగాడు.

"మజూరి వద్దు సారూ. ఒక్కపారి మా అక్కతాన్కి తీస్కపోండ్రి."

జంపఖానా పరిచిన మరునాడే బయల్దేరాం. రఘునాథపల్లిలో బండి ఆగగానే నలుగురు ఎత్తడానికి పరుగెత్తుకొచ్చారు.

"ఆగుండ్రి. నేనే దిగుత."

తలుపు తానే జరిపి, దిగి, చేతుల మీద వాకిట్లోకి నడిచాడు. సోమక్క గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. తర్వాత ఆ అరిగిన మోకాళ్ళతోనే కష్టపడి అతని ఎదుట కూర్చుని, అరచేతులకు అంటిన మట్టి కొంగుతో తుడిచింది.

"నీ మీది ప్రేమతోని, పావురంతోని రాకు అన్ననని అందరికీ చెప్పిన. కాదు తమ్మీ. ఊరి ముందట నాకు సిగ్గయింది."

"నాకెరుకే అక్కా," అన్నాడు ఉప్పలయ్య. "ఆకలైతాంది, జర బువ్వ పెట్టు."