ముప్పై ఏడో పుల్ల

పట్టా కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో లోకమంతా లెక్కకు లొంగి కూర్చున్నట్టే కనిపిస్తుంది. నాకు మరీను. కిరందుల్ క్వార్టర్లలో పెరిగి (నాన్నగారిది గని ఉద్యోగం), సుక్మాలో ఒక కాలేజీలో ఏడాది ఒప్పందం మీద లెక్కల మేడమ్‌నయ్యాను. ప్రిన్సిపాల్‌గారు ఒక క్లాసు చూసి, నచ్చితేనే మరో ఏడాది ఉంచుతారట. నాకా ఉద్యోగం ప్రాణం. అందుకే ఆయన ముందు ఒక వింత చూపించాలనుకున్నాను. ఒకటి వ్యాసార్ధం ఉన్న వృత్తం అంచు మీది సంకీర్ణ సంఖ్యను వర్గం చేస్తే, దాని కోణం రెట్టింపవుతుంది. అంచు చుట్టూ ముప్పై ఆరు పుల్లలు గుచ్చి, ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి నాలుగుకు, మూడు నుంచి ఆరుకు దారాలు కడుతూ, ముప్పై ఆరు దాటితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతూ పోతే, మధ్యలో ఎవరూ గీయని గుండె ఆకారం తేలుతుంది. రుజువు నాకు కంఠతా వచ్చు. కానీ అది తేలడం కళ్లారా చూడాలని పిల్లలకన్నా నాకే ఆత్రం. సంతలో వెదురు అల్లే అవ్వకు ముప్పై ఆరని చెప్పి, పుల్లలతో సహా చట్రం చేయించాను. తెచ్చుకున్నాక పుల్లలు లెక్కపెట్టుకోలేదు (ఎమ్మెస్సీ కదా!).

ప్రిన్సిపాల్‌గారు వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు దారాలు కట్టారు. తీరా చూస్తే గుండెకు ఒక చెంప వాచింది. తెలుగు సరిహద్దున ఉన్న కొంటా వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వేలుపెట్టి చూపించింది.

"మేడమ్, గీ పుల్లకు దారమే లేదు. ముప్పై ఏడున్నయ్."

"పీకెయ్!" అన్నాను ఏడుపు గొంతుతో.

"పీకుడు ఎందుకు మేడమ్? ముప్పై ఏడు దాటినంకనే మళ్ల మొదటికి తిరుగుదాం."

సగం దారాలు విప్పి మళ్లీ కట్టారు. గుండె ముద్దుగా తేలింది. ఆ పుల్ల మాత్రం బోసిగానే ఉంది.

"యే ఖాలీ క్యోం?" అని ఆ పుల్ల ఎందుకు ఖాళీగా ఉందో అడిగారు ప్రిన్సిపాల్‌గారు. నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయే చెప్పింది: "డబల్ చేస్తే డెబ్బై నాలుగు సార్. రెండు చుట్లు తిరిగి తన కాడికే వస్తది. ఇంక దేనికి కట్టాలె?" ఆయన లేచి వచ్చి, కళ్లజోడు తీసి, చట్రాన్ని చాలాసేపు చూశారు. ఉద్యోగం నిలిచింది.

మరుసటి సంతలో అవ్వను నిలదీశాను. "ఏంది తల్లీ, కొసరేసిన. అడిగినంతనే ఇస్తె ఏం మర్యాద?" అంది. వృత్తం అంచున బిందువులు అనంతమని ఆ క్లాసు రోజు పొద్దునే బోర్డు మీద రాసి, అందులో ఒక్కటి ఎక్కువైందని ఏడవబోయిన ఆ మేడమ్ గుర్తొస్తే, ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.